విడుచుటయు ప్రేమించుటయు

పాఠ్యభాగము: మత్తయి 19:16–22, 1 కొరింథీయులకు 13:1–3



ఖరగ్‌పూరు ప్రక్కనున్న హిజ్లీ ప్రాంతమున తెలుగువారు అనేకులు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలమున శ్రీకాకుళము, విశాఖపట్నము వైపునుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారి సంతతి వారిలో మెండు. ఇల్లు విడుచుట యననేమో వీరికి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే ఇల్లు విడిచినవారందరు విరాగులు కారు. దేనికొరకు విడిచితిమి?

ఈ ప్రశ్న ఈ నేలకు క్రొత్తది కాదు. హిజ్లీకి తూర్పుననున్న తమ్లుకే పూర్వపు తామ్రలిప్తి. చైనా భిక్షువు ఫాహియాన్ 5వ శతాబ్దారంభమున అచ్చట రెండేండ్లు నిలిచి బౌద్ధ గ్రంథములకు ప్రతులు వ్రాసికొనెను. దక్షిణమున దాంతన్ సమీపమందలి మొగల్‌మారిలో 2003–04 నుండి జరిగిన త్రవ్వకములలో ఒక పెద్ద విహారము బయల్పడెను. మనము స్వగ్రామములకు పోవు రైలు ఆ దిక్కుగానే సాగును. కిటికీలోనుండి ఆ వైపు చూచువారు అరుదు.

ఫాహియాన్ చైనానుండి బయలుదేరినది క్రీ.శ. 399లో. ఆ యేటనే ఐగుప్తు ఎడారిలో ఎవాగ్రియసు అను క్రైస్తవ సన్న్యాసి మరణించెను. ఈ యిద్దరి మార్గములును ఒక్క చోటనే మొదలగును: కోరిక మనుష్యుని బంధించును. బౌద్ధులు దానిని తృష్ణ యనిరి. ఎవాగ్రియసు చెడు తలంపులను ఎనిమిదిగా లెక్కించి, తిండిపోతుతనము మొదలుకొని గర్వమువరకు వాటికి పేర్లు పెట్టెను. వాటి కలతనుండి మనస్సు విడుదల పొందిన స్థితిని గ్రీకు భాషలో అపాథెయా యనెను.

ఇచ్చట కొందరు బోధకులు తొందరపడి, బౌద్ధమున ప్రేమ లేదందురు. అది న్యాయము కాదు. తల్లి తన యేకైక కుమారుని కాపాడునట్లు సమస్త ప్రాణులయెడల మైత్రి కలిగియుండవలెనని బౌద్ధ సూత్రము నేర్పుచున్నది. భేదము వేరొకచోట నున్నది. బుద్ధుని బోధలో మైత్రి నలవరచుకొనువాడు ఏ సృష్టికర్తకును ప్రత్యుత్తరమిచ్చుటలేదు. క్రైస్తవ విరాగియో, తన్ను ముందుగా ప్రేమించిన వానికి ప్రత్యుత్తరమిచ్చుచున్నాడు (1 యోహాను 4:19). అందుచేతనే అపాథెయాకు పుట్టిన బిడ్డ ప్రేమయనియు, దైవజ్ఞానమునకు నడుపు ద్వారము ఆ ప్రేమయేయనియు ఎవాగ్రియసు బోధించెను.

అతనికి ముందు అంతోని (సుమారు 251–356) మత్తయి 19:21 ఆలయములో చదువబడగా విని, తలిదండ్రులు విడిచిన 300 అరూరాల సారవంతమైన పొలమును, అనగా సుమారు 200 ఎకరములను, గ్రామస్థుల కిచ్చివేసెను. చెల్లెలికొరకు కొంత ధనము దాచెను. పిమ్మట మత్తయి 6:34 విని అదియు పంచిపెట్టి, ఆమెను భక్తిగల కన్యకలయొద్ద ఉంచెను. ఆ చెల్లెలి సమ్మతి నడిగిరో లేదో అతని జీవితచరిత్ర చెప్పదు. సిద్ధార్థుడు 29వ యేట విడిచివెళ్లిన యశోధరను తలంచినప్పుడును మనస్సు బరువెక్కును. ఒకని విరక్తికి వెల కొన్నిమార్లు ఇంటివారు చెల్లింతురు. ఆస్తియంతయు ఇచ్చినను ప్రేమ లేనియెడల ప్రయోజనము లేదని పౌలు వ్రాసినప్పుడు ఇట్టివారును అతని తలంపులో నుండిరి కాబోలు.

ఎవాగ్రియసు ఒక సహోదరునిగూర్చి వ్రాసెను. అతనికి సువార్త ప్రతి యొక్కటి తప్ప వేరే ఆస్తి లేదు. దానిని అమ్మి, వచ్చిన సొమ్ముతో ఆకలిగొన్నవారికి అన్నము పెట్టెను. అమ్మి బీదలకిమ్మని తనకు చెప్పిన ఆ వాక్యమునే అమ్మివేసితినని అతడు చెప్పెనట.