పరుగెత్తాల్సినవీ, నిదానించాల్సినవీ

గుంటూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ ఆవిడని ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చావనీ, చూపు కాస్త తేరుకుంటోందనీ మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన మెసేజీలూ చదివాను. గోధుమలు మానిపించాలా, పాలు ఆపెయ్యాలా, నడక మంచిదా పడక మంచిదా, మళ్ళీ వస్తే ఎలా తెలుస్తుంది అంటూ ఊపిరి సలపకుండా అడిగావు. ఇవి ఫోన్లో తేలేవి కావని కూర్చుని రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను, బ్యాంకులో లెక్కలు చూసుకుని రిటైరైన వాణ్ణి. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మీ న్యూరాలజిస్టునే అడుగు. కానీ మీ అత్తయ్యకి ఇదే ఎమ్మెస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్) అని తేలేనాటికి నువ్వింకా హైస్కూల్లో ఉన్నావు. ఆస్పత్రి గేటు దాటి ఇంటికొచ్చాక ఏం జరుగుతుందో మాకు బాగా తెలుసు. నేను చెప్పేదల్లా ఒకటే. ఈ జబ్బులో కొన్నిటికి వెంటనే పరుగెత్తాలి, చాలావాటికి నిదానించాలి. జనం దీన్ని తిరగేస్తారు. తిండి దగ్గర హడావిడి పడతారు, మందు దగ్గర నాన్చుతారు.

ముందు "ఎందుకొచ్చింది" అన్న గొడవని ఇంట్లోంచి సాగనంపు. ఈ జబ్బులో, రోగాలతో పోరాడాల్సిన మన రక్షక కణాలే దారితప్పి మెదడు, వెన్నుపాము, కంటి నరాల మీదుండే మైలిన్ పొరని దెబ్బతీస్తాయి. కరెంటు తీగకి తొడుగు ఊడినట్టే, కబురు సరిగా అందదు. అందుకే ఒకరికి కన్ను, ఒకరికి కాలు, ఒకరికి మూత్రం ఇబ్బంది పెడతాయి. 2022లో హార్వర్డ్ పరిశోధకులు కోటిమందికి పైగా అమెరికన్ సైనికుల వివరాలు పరిశీలించి, ఎప్‌స్టీన్ బార్ అనే వైరస్ సోకాక ఈ జబ్బు ముప్పు 32 రెట్లు పెరుగుతోందని తేల్చారు. ఆ వైరస్ లోకంలో దాదాపు అందరికీ సోకేదే, ఎమ్మెస్ వచ్చేది మాత్రం ఏ కొద్దిమందికో. ఇక "పెళ్ళయ్యాకే వచ్చింది" అనే మాటకి జవాబు విను. ఇది ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య బయటపడుతుంది, మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మనవైపు పెళ్ళిళ్ళయ్యే వయసూ అదే. అంతకుమించి ముడిపెట్టడానికి ఏమీ లేదు. జాతకాలు తీసే పని పెట్టుకోవద్దని మీ అమ్మకి నేను చెబుతాను. మా చెల్లెలు నీ మాట వినకపోయినా నా మాట వింటుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. జబ్బు తిరగబెట్టడమంటే కొత్త ఇబ్బందేదో మొదలవడమో, పాతది ముదరడమో జరిగి 24 గంటలు దాటినా పోకపోవడం. అదీ జ్వరంగానీ ఇన్ఫెక్షన్‌గానీ లేనప్పుడు. ఆ చివరి షరతు మర్చిపోకు. పోయిన వేసవిలో మీ అత్తయ్య కుడికాలు గడప దాటలేదు. చెప్పు వెనకే ఉండిపోయింది, కాలు మాత్రం ఈడ్చుకుంటూ ముందుకొచ్చింది. చూసినవాళ్ళెవరైనా తిరగబెట్టిందనే అంటారు. డాక్టరు ముందు యూరిన్ పరీక్ష చేయించారు. ఇన్ఫెక్షన్ ఉందని తేలింది. ఏదో పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చి, అక్కడ బాత్రూం ఎలా ఉంటుందోనని ముందునుంచే నీళ్ళు తగ్గించేసిందట. యాంటీబయాటిక్ పడి ఇన్ఫెక్షన్ తగ్గాక కాలు మామూలుగా లేచింది, స్టెరాయిడ్ అవసరమే రాలేదు. ఇలాంటిది నిజంగా తిరగబెట్టడం కాదు. ఒంట్లో వేడి, ఇన్ఫెక్షన్, అలసట, వీటిలో ఏదైనా పాత దెబ్బని మళ్ళీ పైకి తేవచ్చు.

అందుకని ఒక నోటుబుక్ పెట్టు. ఏ రోజు ఏం మొదలైంది, ఎన్నాళ్ళుంది, జ్వరం ఎంత, మూత్రంలో మంట ఉందా, ఈ నాలుగు రాస్తే చాలు. కంటి విషయంలో ఇంట్లోనే ఒక ఆనవాలు ఉంది. ఒక కన్ను మూసి కుంకుమ భరిణె కేసి చూడమను, తర్వాత రెండో కన్నుతో చూడమను. ఒక కంటికి ఎరుపు వెలిసిపోయినట్టు కనిపించినా, కన్ను తిప్పితే నొప్పి పుట్టినా అదే రోజు డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఇక్కడ పరుగెత్తాలి.

నిజంగా తిరగబెడితే సాధారణంగా మిథైల్‌ప్రెడ్నిసొలోన్ రోజుకి ఒక గ్రాము చొప్పున మూడు నుంచి అయిదు రోజులు సెలైన్‌లో ఎక్కిస్తారు. ఆ రోజుల్లో నిద్ర పట్టదు, నోరంతా ఇనుము నమిలినట్టుంటుంది, చిరాకొస్తుంది, షుగర్ పెరుగుతుంది. ఆ చిరాకు మందుది, మనిషిది కాదు, మాటకి మాట అనకు. చూడ్డానికి వచ్చేవాళ్ళ స్వీటు డబ్బాలు పక్కన పెట్టించు. ఒక సంగతి ముందే తెలుసుకో. స్టెరాయిడ్ కోలుకోవడాన్ని త్వరపెడుతుందే తప్ప, చివరికి ఎంతవరకు కోలుకుంటారన్నదాన్ని మార్చదు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మూడో రోజుకే "ఇంకా తగ్గలేదా" అని అడగొద్దు. అడిగినకొద్దీ తన తప్పేదో ఉన్నట్టు కుంగిపోతుంది.

మళ్ళీ మళ్ళీ తిరగబెట్టడాన్ని తగ్గించేది క్రమం తప్పకుండా వాడే మందు. 1993లో ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్‌తో మొదలై ఇప్పుడు మాత్రలు, ఆర్నెల్లకోసారి ఎక్కించేవీ వచ్చాయి. ఒంట్లో బాగానే ఉంది కదా అని సొంతంగా ఆపే పని పెట్టుకోవద్దు. ఫింగోలిమోడ్ లాంటివి ఉన్నట్టుండి మానేస్తే జబ్బు ముందుకంటే గట్టిగా ఎదురుతిరగొచ్చు. బిడ్డ కావాలనుకుంటే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి, కొన్ని మందులు ఎంతో ముందుగా మార్చాల్సి ఉంటుంది. ఎమ్మెస్ ఉంటే పిల్లలు వద్దని ఎవరైనా అంటే నమ్మకు. కడుపుతో ఉన్న చివరి మూడు నెలల్లో ఈ జబ్బు నెమ్మదిస్తుంది, కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో జాగ్రత్తగా ఉండాలి. ఇంకొకటి, "ఇమ్యూనిటీ పెంచుతుంది" అన్నదేదీ ఇంట్లోకి రానివ్వకు. ఇక్కడ గొడవే ఇమ్యూనిటీతో. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడినవాళ్ళలో కొందరికి లివర్ దెబ్బతిందని 2021లో మన దేశపు డాక్టర్లే రాశారు. ఎమ్మెస్ మందుల్లో కొన్ని లివర్ మీద భారం వేసేవే. రెండూ కలిస్తే చెప్పేదేముంది?

తిండి గురించి నువ్వు ఎక్కువ అడిగావు, నేను తక్కువ చెబుతాను. ఈ జబ్బుని నయం చేసే పథ్యం ఏదీ ఇంతవరకు రుజువు కాలేదు. అమెరికాలో రాయ్ స్వాంక్ అనే న్యూరాలజిస్టు కొవ్వు బాగా తగ్గించిన పథ్యాన్ని దశాబ్దాల పాటు ప్రచారం చేశాడు. ఆయన లెక్కలు ఆశ పుట్టించాయి కానీ, పోల్చి చూడ్డానికి ఆ పథ్యం లేని మరో గుంపు లేకపోవడంతో అవి గట్టిగా నిలబడలేదు. కాబట్టి గోధుమలు, పాలు మానిపించి ఆమె పళ్ళెం ఖాళీ చెయ్యకు. మన వంటే కాస్త సర్దుకుంటే సరిపోతుంది. పప్పు, ఆకుకూర, చేపలు తింటే చేపలు, పెరుగు, అన్నం ఒక గరిటె తగ్గించి కూర ఒక గరిటె పెంచడం. వేపుడులో నూనె, ఊరగాయలో ఉప్పు చూసుకోవాలి. బరువు పెరిగితే నడక కష్టం. ఈ జబ్బులో మలబద్ధకం మామూలే, పీచున్న కూరలు, నీళ్ళు దానికి మందు. మూత్రానికి మాటిమాటికీ లేవాల్సి వస్తోందని నీళ్ళు తగ్గిస్తే ఏమవుతుందో పైన చెప్పాను. పగలు సరిపడా తాగి, పడుకోబోయే ముందు రెండు గంటలు తగ్గిస్తే చాలు. విటమిన్ డి తక్కువుంటే డాక్టరు ఇస్తారు. ఆ 60,000 యూనిట్ల సాచెట్లు వారానికి ఒకటని రాస్తే వారానికి ఒకటే. మంచిది కదా అని రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కొత్త జబ్బవుతుంది. కార్తీక సోమవారాల ఉపవాసం అమ్మాయే ఉంటానంటే డాక్టర్ని అడిగి చెయ్యనీ, ఎవరో ఉండమన్నారని మాత్రం వద్దు. నీ సిగరెట్టు సంగతి నాకు తెలుసు. ఈ జబ్బుని త్వరగా ముదరబెట్టేవాటిలో పొగ ఒకటి. తన కోసం ఏదో ఒకటి మానాలని ఉబలాటపడుతున్నావు కదా, గోధుమలు కాదు, అది మానెయ్.

వ్యాయామం మీద పాతకాలపు భయం ఒకటుంది. 1890లో జర్మన్ కంటి డాక్టరు విల్హెల్మ్ ఉట్‌హాఫ్, శ్రమపడ్డాక ఈ రోగుల చూపు మసకబారడం గమనించాడు. దశాబ్దాల తరబడి డాక్టర్లు వీళ్ళని కదలొద్దనే చెప్పారు. చూపు మసకబారేది వేడికి, ఒళ్ళు చల్లబడితే తగ్గిపోతుంది, నరానికి కొత్త దెబ్బేమీ తగలదని తర్వాత తెలిసింది. 1996లో అమెరికాలోని యూటాలో 15 వారాలు సైకిలు తరహా వ్యాయామం చేయించి చూస్తే ఒంటి సత్తువ పెరిగింది, జబ్బు పెరగలేదు. ఇప్పుడు వారానికి 150 నిమిషాల కదలిక లక్ష్యంగా పెట్టుకొమ్మంటున్నారు. ఒక్కసారిగా కాదు, పదేసి నిమిషాలుగా పెంచుకోవచ్చు. జబ్బు తిరగబెట్టిన రోజుల్లో మాత్రం ఆపి, ఫిజియోథెరపిస్టు చెప్పాకే మొదలుపెట్టండి.

మన ఎండలకి వేళ ముఖ్యం. నడక తెల్లవారుజామునే. బయల్దేరే ముందు ఒక గ్లాసు చల్లటి నీళ్ళు, మెడ మీద తడిగుడ్డ. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నానికి మేడమీది ట్యాంకులో నీళ్ళు కాగిపోతాయి. ఆ నీళ్ళతో స్నానం చేసి బాత్రూంలోనే కాళ్ళు జావగారిపోయినవాళ్ళున్నారు. అందుకే మా ఇంట్లో వేసవిలో పొద్దున్నే రెండు బకెట్లు పట్టి నీడన పెడతాం. బాత్రూంలో పట్టుకోవడానికి ఒక రాడ్డు బిగించు, హవాయి చెప్పుల బదులు వెనక పట్టీ ఉన్నవి కొను.

అలసట గురించి ఒక్కమాట. బయటికి కనపడదు కాబట్టి బంధువులు బద్ధకమనుకుంటారు. రాత్రంతా నిద్రపోయినా మధ్యాహ్నానికి చెయ్యి లేవదు. బరువైన పని పొద్దున పెట్టుకోవడం, వంటింట్లో ఒక ఎత్తు స్టూలు, మధ్యాహ్నం అరగంట పడక, ఇవి ఉపాయాలు. అలాగని గరిటె లాక్కోవద్దు. మీ అత్తయ్య చాలా ముందే నాతో చెప్పింది: "చెయ్యలేనప్పుడు నేనే పిలుస్తా, పిలిచేదాకా నా చుట్టూ తిరగొద్దు" అని. ఆ మాటే మా ఇంటి నియమం. అమ్మాయి ఉద్యోగం మానాలో వద్దో కూడా అమ్మాయే తేల్చుకుంటుంది. వరసగా రెండు వారాలు దిగులుగా, దేనిమీదా మనసు లేకుండా కనిపిస్తే మాత్రం డాక్టరుకి చెప్పు. దిగులు ఈ జబ్బులో భాగంగానే వస్తుంది, దానికీ వైద్యం ఉంది.

కాగితాల పని ఒకటి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఎమ్మెస్ ఉంది. ఇప్పుడు అవసరం లేకపోయినా స్కానింగులు, డిశ్చార్జి సమ్మరీలు వరసగా ఒక ఫైల్లో పెట్టు. మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియాకి హైదరాబాద్‌లో శాఖ ఉంది. అమ్మాయికి ఇష్టమైతే ఒకసారి వెళ్ళిరండి. ఈ జబ్బున్న నలుగురిని చూస్తే నెట్‌లో చదివిన భయం సగం పోతుంది. నువ్వూ వేళకి తిను, నిద్రపో, నీ స్నేహితుల్ని వదులుకోకు. ఇది ఎన్నో ఏళ్ళ వ్యవహారం, మొదటి నెలలోనే నువ్వు చతికిలబడితే ఎలా?

వచ్చే నెలలో మేమిద్దరం వస్తున్నాం. మీ అత్తయ్యకి అమ్మాయితో మాట్లాడాల్సినవి చాలా ఉన్నాయట, మనిద్దరం అక్కడ ఉండకూడదట. ఆ పూట మనం ఎక్కడికి పోదామో చూసి పెట్టు.

మీ అమ్మానాన్నలకి మా నమస్కారాలు, అమ్మాయికి ఆశీస్సులు.

మీ మామయ్య