గాలిని పండించిన ద్వీపము

గాలి వచ్చినప్పుడే తూర్పారబట్టుకొనవలెనని మన కర్షకులందురు. కళ్ళమున కుప్పవోసిన ధాన్యమునుండి పొల్లును వేరు చేయుటకు గాలియే సాధనమైన కాలమున పుట్టిన సామెత యిది. గాలి వీచుచుండగా చేట పట్టుకొని నిలువనివాడు చేతికందిన పంటను సైతము ఇంటికి చేర్చుకొనలేడు. ఈ సామెతను ఎన్నడును వినకపోయినను, దీని యర్థమును చక్కగా గ్రహించి నడచుకొన్న రైతులు ఉత్తర ఐరోపాలోని యొక చిన్న ద్వీపమున కలరు. వారి చరిత్ర తెలిసికొనదగినది.

డెన్మార్కు దేశమున, జట్లండ్ ద్వీపకల్పమునకు తూర్పుగా సముద్రమధ్యమున సామ్సో అను ద్వీపము కలదు. దాని వైశాల్యము సుమారు 114 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య నాలుగు వేలకు అటునిటుగా నుండును. అక్కడి వారిలో పెక్కుమంది వ్యవసాయదారులు. ఆ ద్వీపమున పండు బంగాళాదుంపలకు దేశమంతట మంచి పేరు కలదు. అచ్చటి భూమి సారవంతమైనది. గాలి యెడతెగక వీచును. కాని చాలకాలము ఆ గాలిని ఎవరును లెక్కకు తీసికొనలేదు. ఇండ్లను వెచ్చజేయు చమురు ఓడలపై వచ్చుచుండెను. విద్యుచ్ఛక్తి ప్రధాన భూభాగమునుండి సముద్రగర్భమున వేసిన తీగ ద్వారా వచ్చుచుండెను. అదియు ఎక్కువగా బొగ్గును కాల్చి చేసినదే.

డెన్మార్కు దేశమంతయు ఒకప్పుడు ఇట్లే పరాధీనమై యుండెను. 1973వ సంవత్సరమున పశ్చిమాసియాలో యుద్ధము సంభవింపగా, చమురు నెగుమతి చేయు అరబ్బు దేశములు సరఫరాను తగ్గించినవి. కొలది నెలలలోనే చమురు ధర సుమారు నాలుగు రెట్లు పెరిగెను. ఇంధనమునకై దాదాపు పూర్తిగా దిగుమతి చమురుపై ఆధారపడిన డెన్మార్కు తల్లడిల్లెను. ఆదివారములందు మోటారు కార్లను నడుపరాదని ప్రభుత్వము ఆజ్ఞాపించెను. రహదారులు నిర్మానుష్యములై యుండుటను చూచి, పరుల ఇంధనముపై నిలిచిన బ్రతుకు ఎంత బలహీనమైనదో ప్రజలు గ్రహించిరి.

అప్పుడు వారికి తమ దేశపు పాత విద్య యొకటి జ్ఞప్తికి వచ్చెను. 1891వ సంవత్సరములోనే పాల్ లా కూర్ అను ఉపాధ్యాయుడు ఆస్కోవ్ గ్రామపు జానపద పాఠశాలలో గాలిమర నొకదానిని నెలకొల్పి, దానితో విద్యుత్తును పుట్టించెను. గాలి యెల్లప్పుడు ఒకే తీరుగా వీవదు కదా! అందుచేత ఆయన ఆ విద్యుత్తుతో నీటిని విడదీసి, ఉదజని వాయువును నిలువజేసి, దానితో పాఠశాల దీపములను వెలిగించెను. పిమ్మట గ్రామములలో పనిచేయు విద్యుత్ కార్మికులకు శిక్షణ నిచ్చెను. చమురు చౌకగా లభించిన దినములలో ఆ గాలిమరలు మూలబడినవి. 1973 తరువాత డేనులు మరల వానివైపు దృష్టి మరల్చిరి.

1997వ సంవత్సరమున డెన్మార్కు ప్రభుత్వము ఒక పోటీని ప్రకటించెను. పదియేండ్లలో తన అవసరములకు తగిన శక్తినంతయు గాలి, ఎండ, గడ్డి మొదలగు తరుగని వనరులనుండియే పొందగల ప్రణాళికను రచించిన ద్వీపమునకు గెలుపు దక్కును. ఆ పోటీలో సామ్సో గెలిచెను. అయితే గెలిచిన వారికి బహుమతిగా ధనరాశి యేదియు లేదు. ప్రణాళికను వ్రాసినవాడు ద్వీపవాసి కాని యొక ఇంజనీరు. కావున చాలమంది దానిని తమ పనిగా భావింపలేదు. కాగితముపై నున్న ప్రణాళిక కాగితముపైననే యుండిపోవునట్లు తోచెను.

ఆ సమయమున ముందునకు వచ్చినవాడు సోరెన్ హెర్మన్‌సెన్. ఆయన ఆ ద్వీపముననే రైతు కుటుంబమున జన్మించినవాడు. స్థానిక పాఠశాలలో పర్యావరణ విషయములను బోధించుచుండెను. ఆయన వద్ద ధనము లేదు, అధికారము లేదు. ఊరివారి భాష, ఊరివారి మనసు మాత్రము తెలియును. ఊరిలో ఎక్కడ నలుగురు గుమిగూడిన అక్కడికి పోయి, శక్తిని గూర్చి మాటలాడెడివాడు. ఎవరి మాటను పదిమంది విందురో కనిపెట్టి, మొదట వారిని ఒప్పించెడివాడు. పల్లెలలో ఒకడు కదలినచో రెండవవాడు కదలును. నలుగురు కదలినపిమ్మట కదలనివాడు అరుదు.

అన్నిటికంటె మేలైన యుపాయము మరియొకటి కలదు. ఎత్తైన గాలిమరలు ఊరి అందమును చెరచుననియు, వాని రొద భరింపరానిదనియు అభ్యంతరములు కలుగుట సహజము. తన గానుగ కిర్రుమన్నను చెవి కింపుగానే యుండును. పొరుగువాని గానుగ కిర్రుమన్నచో నిద్ర పట్టదు. ఈ రహస్యమును ద్వీపవాసులు తెలిసికొనిరి. గాలిమరలు బయటి కంపెనీల సొత్తు కాక తమ సొత్తే కావలెనని నిశ్చయించుకొనిరి. 2000వ సంవత్సరము నాటికి భూమిపై 11 గాలిమరలు నిలిచినవి. ఒక్కొక్కదాని శక్తి ఒక మెగావాటు. వానిలో తొమ్మిది రైతులవి. రెండు సహకార సంఘములవి. ఆ సంఘములలో సామాన్య కుటుంబములును వాటాలు కొనినవి. రైతులు బ్యాంకులనుండి అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిరి. గాలి తగ్గినచో, యంత్రము చెడినచో ఆ నష్టము వారిదే. అయినను వారు వెనుదీయలేదు. గాలినుండి పుట్టిన విద్యుత్తునకు కొన్ని సంవత్సరములపాటు నిర్ణీతమైన ధర లభించునని చట్టము హామీ యిచ్చుట వారికి ధైర్యమును కలిగించెను.

చలిదేశములలో విద్యుత్తుకంటె ఇంటి వెచ్చదనమునకే అధికమైన ఇంధనము ఖర్చగును. దీనికి వారు తమ పొలములలోని గడ్డిని వాడుకొనిరి. గోధుమ మొదలగు పంటలను కోసిన పిమ్మట మిగిలిన గడ్డిని మోపులు కట్టి, ఊరికి సమీపమున నున్న పెద్ద బాయిలరులో కాల్చుదురు. కాగిన నీరు భూమిలోని గొట్టముల ద్వారా ఇంటింటికి ప్రవహించి, గదులను వెచ్చజేసి, చల్లారి తిరిగి వచ్చును. గడ్డి కాలినపుడు బొగ్గుపులుసు వాయువు వెలువడదా? వెలువడును. కాని అది ఆ మొక్క పెరుగునపుడు గాలినుండి గ్రహించినదే. మరుసటి పంట దానిని మరల గ్రహించును. చమురు సంగతి వేరు. కోట్లాది సంవత్సరములు భూగర్భమున అణగియున్న దానిని ఒక్కమారుగా వెలికితీసి గాలిలో కలుపుచున్నాము. నార్డ్‌బీ అను గ్రామమున కఱ్ఱముక్కలతోపాటు ఎండ వేడిమిని గూడ వాడుచున్నారు. అచ్చట వరుసలుగా నిలిపిన సౌరఫలకముల నడుమ గొఱ్ఱెలు మేయుచుండును.

ఇక కార్లు, ట్రాక్టర్లు, ఓడలు మిగిలినవి. కొందరు రైతులు ఆవజాతికి చెందిన నూనెగింజలను పండించి, గానుగాడి, ఆ నూనెతోనే ట్రాక్టర్లను నడిపిరి. పిండిన పిమ్మట మిగిలిన చెక్క పశువులకు మేతయైనది. కాని ద్వీపమునందలి వాహనములన్నిటికి సరిపడు నూనెను పండింపవలెనన్నచో ఆహారపు పంటలకు భూమి చాలదు. కావున వారు వేరొక మార్గము నెంచుకొనిరి. 2003వ సంవత్సరమున ద్వీపమునకు దక్షిణముగా సముద్రములో పది గాలిమరలను స్థాపించిరి. ఒక్కొక్కదాని శక్తి 2.3 మెగావాట్లు. వాహనములు కాల్చు చమురునకు ఈడైన శుద్ధశక్తిని ప్రధాన భూభాగమునకు పంపి, ఆ ఋణమును తీర్చుకొనుటయే వారి యుద్దేశము. తెచ్చుకొనుటకు వేసిన తీగయే ఇచ్చుటకు దారియైనది! పదియేండ్ల గడువు తీరకమునుపే, 2005 నాటికి, ద్వీపము తాను వాడు శక్తికంటె నెక్కువ శక్తిని ఉత్పత్తి చేయుచుండెను.

దీనితో సర్వము సిద్ధించినదని తలపరాదు. లెక్కలో ఋణము తీరినను, కార్లు చమురును కాల్చుట ఆగలేదు. అందుచేత 2030 నాటికి ద్వీపమున చమురు, బొగ్గు, సహజవాయువుల వాడుకయే లేకుండ చేయవలెనని వారు మరల సంకల్పించుకొనిరి. డెన్మార్కు దేశమును ఉత్తర సముద్రమున దొరకిన చమురును వెలికితీయకపోలేదు. కాని 2050 నాటికి ఆ పనిని పూర్తిగా నిలిపివేయుటకు 2020లో నిర్ణయించెను. ఇటీవలి సంవత్సరములలో ఆ దేశపు విద్యుత్తులో సగమునకు మించిన భాగము గాలినుండియే లభించుచున్నది.

సామ్సో చేసిన పనిలో అద్భుత యంత్రమేదియు లేదు. ఆ గాలిమరలను ఎవరైనను కొనవచ్చును. గడ్డి ప్రతి పల్లెలోను కలదు. అద్భుతమైనది అచ్చటి జనుల ఐకమత్యము. బయటి వ్యక్తి వ్రాసిన ప్రణాళికను తమదిగా చేసికొనుట, లాభమును నష్టమును సమముగా పంచుకొనుట, కొరతను దాచక ఒప్పుకొనుట వారి విజయమునకు మూలములు. మన దేశమును తనకు కావలసిన ముడిచమురులో ఐదింట నాలుగు పాళ్ళకు మించి పరదేశములనుండి తెచ్చుకొనుచున్నది. గాలి మన పొలములపైనను వీచుచున్నది. చేటలు పట్టుకొని నిలువవలసినది మనమే.

ప్రశ్నలు

1. 1973వ సంవత్సరమున డెన్మార్కు దేశము ఏల తల్లడిల్లెను?
2. గాలిమరలు తమ సొత్తే కావలెనని ద్వీపవాసులు ఏల నిశ్చయించుకొనిరి?
3. గడ్డిని కాల్చుటకును చమురును కాల్చుటకును గల భేదమును వివరింపుము.
4. వాహనములన్నిటికి నూనెగింజల నూనెను వాడుటకు సామ్సో రైతులు ఏల పూనుకొనలేదు?
5. మీ గ్రామమున వృథాగా పోవుచున్న శక్తివనరు లేవి? వానిని ఎట్లు వాడుకొనవచ్చునో పది వాక్యములలో వ్రాయుము.