మొండికేసిన గ్రీజు మూత

విశాఖపట్నము నుండి అరకులోయకు దాదాపు 115 కిలోమీటర్ల దూరము. శృంగవరపుకోట దాటిన పిదప దారి అనంతగిరి కొండలను చుట్టుకొనుచు, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తునగల లోయకు చేరుతుంది. ఎక్కునపుడు శ్రమపడునది ఇంజను. దిగునపుడు శ్రమపడునవి బ్రేకులు, చక్రములు. ఒకసారి మేము మిత్రుని పాత అంబాసిడరులో ఈ ఘాటు దిగుచుండగా ముందరి ఎడమ చక్రము నుండి గరగరమను శబ్దము వినవచ్చినది. కొండ దిగువన ఒక ముసలి మెకానిక్కు చక్రపు మధ్యనున్న మూతను చూపి, "మాస్టారూ, దీన్ని ఏళ్ల తరబడి ఎవరూ తీయలేదు" అన్నాడు. క్రిందటి నెలలోనే ఒక వర్క్‌షాపువారు గ్రీజు మార్చినట్లు బిల్లు ఇచ్చియున్నారు! మూత రాకపోగా దానిని అట్లే వదలివేసిరన్నమాట. తీసి చూడగా గ్రీజు ఎండిపోయి, బేరింగు వేడికి నీలిరంగు తిరిగియున్నది. మరికొంత దూరము పోయియుంటే చక్రము పట్టివేసెడిది.

మూత ఎందుకు మొండికేస్తుంది?

అంబాసిడరు ఉత్పత్తి 2014లో ఆగిపోయినను, అట్టి పాత కార్లు ఇంకను అక్కడక్కడ తిరుగుచున్నవి. వాటి ముందు చక్రపు హబ్బు నడుమనుండు చిన్న లోహపు గిన్నెయే గ్రీజు మూత. సాధారణముగా దీనికి మరలుండవు. హబ్బు రంధ్రములో బిగువుగా దిగి, ఆ బిగువుతోనే నిలుస్తుంది. లోపలి గ్రీజును కాచుట, బయటి నీటిని, ధూళిని ఆపుట దాని పని. తూర్పు కనుమల వానలకు, పొగమంచుకు అంచువద్ద తుప్పు పుడుతుంది. తుప్పు తాను తినివేసిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక ఏటేటా మూత మరింత బిగుసుకొంటుంది. మరొకవైపు, దిగుడులో బ్రేకు డ్రమ్ముల వేడి హబ్బుకు సోకి గ్రీజును పలుచన చేస్తుంది. కనుక మూత తీయుట ఎక్కడ కష్టమో, అక్కడనే దానిని తీసి చూచుట మిక్కిలి అవసరము.

తీయు విధానము

ఉర్దూలో ఉస్తాద్ అనగా గురువు. గారేజీలో పెద్ద మెకానిక్కును కూడ అట్లే పిలుస్తారు. ఆ ఉస్తాద్ కుడి చక్రపు మూతను తీయుచు తన శిష్యునికి చెప్పగా మేము గ్రహించిన క్రమమిది.

బండిని చదునైన నేలపై నిలిపి, వెనుక చక్రములకు రాళ్లు పెట్టవలెను. జాకీ ఒక్కదానినే నమ్మక గట్టి స్టాండు మీద బరువును ఆనించవలెను. మూత అంచును తీగ బ్రష్షుతో శుభ్రపరచి, తుప్పు వదలించు నూనెను కొద్దిగా పట్టించి పావుగంట ఆగవలెను. నూనె బ్రేకు డ్రమ్ములోనికి పోరాదు. మంటతో కాల్చుట ప్రమాదము. పిదప చిన్న సుత్తితో మూత ప్రక్కలను చుట్టూ మెల్లగా తట్టినచో తుప్పు పట్టు విడుతుంది. పాత వెడల్పు స్క్రూడ్రైవరును మూత అంచుకు, హబ్బుకు నడుమ ఆనించి ఒక దెబ్బ. చక్రమును పావు చుట్టు త్రిప్పి మరొక దెబ్బ. ఒకేచోట బలము చూపినచో మూత ఒరిగి ఇరుక్కొంటుంది, వంకరపోతుంది. సందు సమముగా ఏర్పడిన పిదప రెండు స్క్రూడ్రైవర్లతో ఎదురెదురుగా పైకెత్తవలెను. కండ్లకు అద్దములుండుట మేలు. తుప్పు పెళ్లలు ఎగురుతవి.

తీసిన పిమ్మట

గ్రీజు పాలవలె తెల్లబడియుంటే నీరు చేరినదని, నల్లబడి మాడువాసన కొట్టితే వేడి సోకినదని అర్థము. బేరింగును కిరసనాయిలుతో కడిగి, బాగుగా ఆరిన పిదప కొత్త గ్రీజు పట్టించవలెను. గ్రీజు మితిమీరి కూరరాదు. వేడికి అది సీలును దాటి బ్రేకులపైకి చేరవచ్చును. నట్టును ఆ కారు పుస్తకములో చెప్పిన మేరకు మాత్రమే బిగించి, కొత్త కాటర్ పిన్ను వేయవలెను. మూతను తిరిగి దింపునపుడు నడుమ కొట్టక, అంచుమీద ఆనునట్టి గొట్టపు ముక్కను పెట్టి సమముగా తట్టవలెను. వంకరపోయిన మూతను మార్చుటయే మంచిది.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లగుదురు, కొందరు బండ్ల యజమానులగుదురు. సర్వీసు చేయించిన బండిని తెచ్చుకొనునపుడు మూత అంచును ఒకసారి చూడుడు. పాత తుప్పు గీత చెదరక ఉన్నచో, బిల్లులో ఏమి వ్రాసియున్నను ఆ చక్రమును ఎవరును తెరవలేదనియే అర్థము. ఘాటు రోడ్డులో ఆ మూత వెనుక ఉన్నవి మన ప్రాణములు మాత్రమే కావు. ఎదుట సంతనుండి నడచివచ్చువారి ప్రాణములు కూడ.