చిన్న అంగీ – పెద్ద పాఠం



మొన్న ఆదివారం పూజ అయ్యాక ఒక అమ్మమ్మ గారు గుడి మెట్ల దగ్గర నన్ను ఆపి, సంచిలోంచి చిన్న టోపీ తీసి చూపించారు. పుట్టబోయే మనవడి కోసం పసుపుపచ్చ నూలుతో స్వయంగా అల్లారట. "బజార్లో వంద రూపాయలకు ఇంతకంటే మంచిది దొరుకుతుందని మావాడే అన్నాడండి ఫాదర్ గారూ. ఇక ఇది ఇవ్వనా, మాననా?" అని అడిగారు. అప్పుడు "ఇవ్వండమ్మా" అని మాత్రం అనగలిగాను. ఎందుకు ఇవ్వాలో చెప్పలేకపోయాను. ఈ వారం పాఠం ఆ ప్రశ్నకు జవాబు.

1. ఏడాదికొక అంగీ

సమూవేలు మొదటి గ్రంథం 2వ అధ్యాయం తెరవండి. అన్నా తన కుమారుని దేవుని మందిరంలో సేవకు అప్పగించింది. ఆ తరువాత ఏటేటా భర్తతో కలిసి బలి అర్పించడానికి షిలోకు వెళ్లేటప్పుడు, బాలునికి చిన్న అంగీ ఒకటి చేసి తీసుకుపోయేది. గ్రంథం చెప్పేది ఒక్క వాక్యమే. కాని తల్లులారా, ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగండి. బిడ్డ ఏడాది పొడవునా కళ్ల ఎదుట లేడు. భుజం ఎంత వెడల్పయిందో, చెయ్యి ఎంత పొడవు సాగిందో కొలిచి చూసుకొనే వీలు లేదు. అయినా అంగీ చేయాలి. కనుక ఆమె ఏడాదంతా మనసులోనే బిడ్డను కొలుచుకొని ఉంటుంది. బిడ్డ దూరాన ఉన్నా, వాడు పెరుగుతున్నాడన్న సంగతి ఆ తల్లి చేతులు మరచిపోలేదు. హాస్టలులో పిల్లలున్న ఇళ్లవారికి, కువైట్ నుంచి బిడ్డలకు బట్టలు పంపే తల్లులకు ఈ వాక్యాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

2. మరియమాత చేతిలో నాలుగు సూదులు

జర్మనీలోని హాంబర్గు నగర చిత్రశాలలో సుమారు 1400 ప్రాంతపు చిత్రం ఒకటి ఉంది. మాస్టర్ బెర్ట్రాం అనే చిత్రకారునిదిగా, లేదా ఆయన బృందానిదిగా చెబుతారు. అందులో మరియమాత కూర్చుని నాలుగు సూదులతో చిన్న అంగీ అల్లుతున్నారు. పని చివరికి వచ్చింది, మెడ దగ్గర కుట్లే మిగిలాయి. బాలయేసు పక్కనే గడ్డిమీద పుస్తకం తెరుచుకొని, తల తిప్పి చూస్తున్నాడు. చూసేది ఎవరిని? సిలువను, బల్లెమును, ముళ్ల కిరీటాన్ని పట్టుకొని వచ్చిన దేవదూతలను.

సిలువ దగ్గర సైనికులు చీట్లు వేసుకొన్న అతుకులేని అంగీ గురించి యోహాను సువార్త 19వ అధ్యాయంలో చదువుతాము. సువార్త దానిని నేసిన వస్త్రమని చెబుతుంది. చిత్రకారుడు దానిని తన కాలపు అల్లికగా మార్చి, తల్లి చేతికి ఇచ్చాడు. నాలుగు సూదులమీద గుండ్రంగా అల్లితే పక్క కుట్టు అక్కరలేదు కదా! ఆ అంగీ బిడ్డకు రాబోయే శ్రమను ఆపలేదు. అయినా తల్లి అల్లిక మానలేదు. మన బిడ్డలకు రాబోయే కష్టాలన్నిటినీ మనమూ ఆపలేము. వారి వెంట వెళ్లేది ఏదో ఒకటి చేసి పెట్టగలము.

3. నాలుగు కారణాలు

సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు అరిస్టాటిల్ చెప్పిన నాలుగు కారణాలు నేర్చుకొన్నాము. ఏ వస్తువునైనా పూర్తిగా తెలుసుకోవాలంటే నాలుగు ప్రశ్నలు వేయాలి. దేనితో చేశారు? ఏ రూపంలో చేశారు? ఎవరు చేశారు? ఎందుకోసం చేశారు?

అమ్మమ్మ గారి టోపీని, బజారు టోపీని పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండిటిలోనూ నూలే ఉంది. రూపమూ ఒకటే. మగ్గం మీది గుడ్డకు పడుగు, పేక రెండూ కావాలి. అల్లికకు ఒక్క దారం చాలు. అదే ఉచ్చులో ఉచ్చుగా సాగుతుంది, అందుకే అల్లిన బట్ట సాగి ఒంటికి పట్టుకొంటుంది. మూడవ ప్రశ్నలో తేడా కనబడుతుంది గాని, యంత్రం నడిపే కార్మికుడూ మనిషే. ఆయన శ్రమను చిన్నచూపు చూడకూడదు. అసలు తేడా నాలుగవ ప్రశ్నలో ఉంది. బజారు టోపీ ఎవరి బిడ్డకైనా సరే, కొన్నవారి కోసం. అమ్మమ్మ గారి టోపీ ఈ ఒక్క బిడ్డ కోసం. వంద రూపాయలతో కొనలేనిది ఆ నాలుగవ కారణాన్నే.

అయితే ఇక్కడే ఒక హెచ్చరిక కూడా ఉంది. ఆ టోపీ బిడ్డ కోసమేగాని అల్లినవారి పేరు కోసం కాదు. బిగుతైతే, గుచ్చుకొంటే నొచ్చుకోకుండా విప్పాలి. అల్లికలో ఉన్న మేలు అదే. గుడ్డ కత్తిరిస్తే పోయినట్టే. అల్లినదైతే విప్పి, అదే దారంతో మళ్లీ అల్లుకోవచ్చు.

4. నా తప్పు ఒకటి

ఈ మాట నేను పుస్తకంలో నేర్చుకోలేదు. తత్వశాస్త్రం చదవడానికి బెంగళూరు వెళ్లేటప్పుడు, అక్కడ చలి అని విని, అమ్మ నాకు నీలం ఊలుతో స్వెట్టరు అల్లి పంపింది. చేతులు వేళ్ల దాకా వచ్చాయి. తోటివారు నవ్వారు. దాన్ని ట్రంకుపెట్టె అడుగున పడేసి, దుకాణంలో మరొకటి కొనుక్కొన్నాను. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు పెట్టె సర్దుతూ అమ్మ దాన్ని చూసింది. ఒక్కసారైనా వేసినట్టు లేదని ఆమెకు తెలిసిపోయింది. ఏమీ అనలేదు. రెండు సాయంత్రాలు అరుగుమీద కూర్చుని విప్పి, ఉండ చుట్టి, మా అక్క కొడుక్కి అల్లడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుంటే, "ఏడాదిగా నిన్ను చూళ్లేదు కదరా, ఎంత పెరిగావో అనుకొన్నాను" అంది, అంతే. అన్నా కథను అంతకుముందు ఎన్నిసార్లో చదివాను. ఆ సాయంత్రమే అది నాకు అర్థమైంది.

5. కూలి మాట

మన గోదావరి తీరాన నరసాపురం చుట్టుపక్కల వేలాది స్త్రీలు కొక్కెం సూదితో లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన పని ఇది. 2024లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది. అయితే 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త తన పుస్తకంలో ఒక చేదు సత్యం రాశారు. ఇది ఇల్లాలి తీరిక పని అన్న పేరు పెట్టి, విదేశాలకు పోయే సరుకుకు కూడా ఆమెకు కొద్దిపాటి కూలే ఇచ్చారని. ప్రేమతో ఇచ్చేది కానుక. అమ్మకానికి చేసేది పని. పనికి తగిన కూలి ఇవ్వడం దయ కాదు, న్యాయం. మీరు కొనేటప్పుడు బేరానికి ముందు ఈ సంగతి తలచుకోండి.

6. ఇంట్లో చేయవలసినవి

అల్లబోయే వారికి నాలుగు మాటలు. మన ఎండలకు ఊలు కన్నా మెత్తని నూలు మేలు. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు. అల్లిక సాగుతుంది గనుక టోపీ కొంచెం తక్కువగానే ఉండాలి. ముందుగా చిన్న ముక్క అల్లి, 10 సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు వస్తాయో లెక్కపెట్టండి. మెడ దగ్గర రిబ్బన్లు వద్దు. మేజోళ్లను లోపలివైపు తిప్పి వదులు దారాలు కత్తిరించండి, అవి పసివాని వేలికి చుట్టుకొంటే ప్రమాదం. ఉతికాకే తొడగండి.

పుచ్చుకొనేవారికి ఒక్క మాట. కనీసం ఒక్కసారైనా తొడిగి, అల్లినవారికి చూపించండి.

ఈ వారం రాత్రి జపమాల తరువాత ఇంటిల్లిపాదీ మాట్లాడుకోండి: మన ఇంట్లో ఎవరి చేతి వస్తువు పెట్టె అడుగున పడి ఉంది? దాన్ని బయటికి తీయండి. చేసినవారు ఇంకా మన మధ్య ఉంటే, వారితో ఒక మాట చెప్పండి.

అమ్మమ్మ గారూ, టోపీ ఇవ్వండి. బిగుతైతే మళ్లీ అల్లుదురుగాని.