ఆకు ఉపరితలంపై తుంపర బిందువుల ప్రవర్తన – సస్యరక్షణలో దాని ప్రాధాన్యం

సస్యరక్షణ మందు నాజిల్ నుండి వెలువడి పురుగుపై లేదా తెగులుపై పనిచేసే లోపు ఒక కీలక ఘట్టం ఉన్నది. అది తుంపర బిందువు ఆకును తాకే క్షణం. కొన్ని మిల్లీసెకన్లలోనే ముగిసే ఈ ఘట్టంలో బిందువు ఆకుకు అంటుకొని నిలవవచ్చు, ఎగిరి పడవచ్చు లేదా చిట్లి చెదరవచ్చు. నిలవని మందు నేలపాలవుతుంది. మందు పనిచేయలేదని రైతు మోతాదు పెంచే సందర్భాలలో కొన్నింట లోపం మందులో గాక, ఆకు తడవకపోవడంలో ఉంటుంది. కావున విస్తరణ శాస్త్రవేత్తలు ఈ అంశాన్ని అవగాహన చేసుకోవలసి ఉన్నది.

స్పర్శకోణం

25 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. ఈ బలం వల్ల నీరు గుండ్రని బిందువుగా ఉండటానికి ప్రయత్నిస్తుంది. ఉపరితలంపై నిలిచిన బిందువు అంచు వద్ద, ద్రవం వైపు నుండి కొలిచిన కోణాన్ని స్పర్శకోణం అంటారు. దీనిని థామస్ యంగ్ 1805లో వివరించాడు. ఈ కోణం 90 డిగ్రీల కంటె తక్కువైతే ఉపరితలం తడుస్తుంది. ఎక్కువైతే సరిగా తడవదు. 150 డిగ్రీలు దాటితే నీరు ముత్యమువలె దొర్లిపోతుంది.

ఆకు నిర్మాణం

తామరాకుపై నీటిబొట్టు నిలవదని మన నానుడి. దీనికి కారణమైన సూక్ష్మ నిర్మాణాన్ని జర్మనీకి చెందిన బార్త్‌లాట్, నైన్‌హుయిస్ 1997లో విశదీకరించారు. ఆకుపై సూక్ష్మమైన బుడిపెలు, వాటిపై అంతకంటె సూక్ష్మమైన మైనపు స్ఫటికాలు ఉంటాయి. వీటి నడుమ గాలి చిక్కుకొనుటచే బిందువు బుడిపెల కొనలపై మాత్రమే ఆనుతుంది. వరి, చేమ ఆకులు కూడా ఇట్టివే. ఉల్లి, క్యాబేజీ ఆకులపైనా మైనపు పూత దట్టంగా ఉంటుంది. చిక్కుడు వంటి ఆకులు వీటికంటె సులభంగా తడుస్తాయి.

తాకిడి ఫలితం

బిందువు ఆకును తాకినప్పుడు దాని గతిశక్తి బిందువును పలుచగా పరుస్తుంది. తలతన్యత తిరిగి గుండ్రంగా లాగుతుంది. ఈ రెండింటి నిష్పత్తిని వెబర్ సంఖ్య తెలుపుతుంది. సాంద్రత, వ్యాసం, వేగవర్గముల లబ్ధాన్ని తలతన్యతచే భాగించగా ఇది లభిస్తుంది. 300 మైక్రాన్ల నీటి బిందువు సెకనుకు 2 మీటర్ల వేగంతో తాకితే ఈ సంఖ్య సుమారు 17. 150 మైక్రాన్ల బిందువు 1 మీటరు వేగంతో తాకితే సుమారు 2 మాత్రమే. తడవని ఆకుపై ఈ సంఖ్య పెరిగిన కొద్దీ బిందువు ఎగిరిపడే, చిట్లే అవకాశం హెచ్చుతుంది.

ఒక 300 మైక్రాన్ల బిందువులోని ద్రవంతో 150 మైక్రాన్ల బిందువులు ఎనిమిది ఏర్పడతాయి. కావున సన్నని తుంపర ఆకును మెరుగుగా కప్పుతుంది. అయితే 100 మైక్రాన్ల కంటె చిన్న బిందువులు గాలికి సులభంగా కొట్టుకొనిపోతాయి. వేడి, పొడి వాతావరణంలో ఆకును చేరకముందే ఆవిరి కావచ్చు. బిందువు పరిమాణమును ఈ రెండు నష్టాల మధ్య సరితూచి ఎంచవలెను.

తడిపే పదార్థాలు

తడిపే మందులు తలతన్యతను సగానికంటె తక్కువకు తగ్గించగలవు. అయితే నాజిల్ వద్ద కొత్తగా ఏర్పడిన బిందువు ఉపరితలానికి ఈ అణువులు చేరుటకు కొంత వ్యవధి కావలెను. నిదానంగా చేరే పదార్థం, నిలకడగా ఉంచిన బొట్టును చక్కగా పరచినప్పటికీ, తాకిడి క్షణంలో ఎగిరిపాటును ఆపలేకపోవచ్చు. మోతాదు మించితే ద్రావణం పలుచని పొరగా జారి కారిపోతుంది. ఆకులు మాడే ప్రమాదమూ ఉన్నది. కావున లేబుల్‌పై సూచించిన మోతాదును మించరాదు.

క్షేత్రస్థాయి పరీక్షలు

1. ఆకును నీటిలో ముంచి ఏటవాలుగా చూడవలెను. వెండివలె మెరిస్తే ఆకుపై గాలిపొర ఉన్నదని, అది తడవడం కష్టమని గ్రహించవలెను.

2. కలిపిన ద్రావణాన్ని మొక్కపైనే పిచికారీ చేసి, ఆకులపై నిలిచిన తడిని చూడవలెను. చేతితో ఉంచిన బొట్టు తాకిడిని సూచించదు.

3. తడి తగిలితే పసుపు నుండి నీలానికి మారే కాగితములు పైరులోనికి చేరిన బిందువులను చూపుతాయి. కాగితం బిందువును పట్టి ఉంచుతుంది గనుక, ఆకుపై ఎంత నిలిచినదో దీనివలన తెలియదు.

వరిలో సుడిదోమ దుబ్బుల మొదళ్ళ వద్ద ఉంటుంది. ఇచ్చట ఆకులు తడిసిన మాత్రమున చాలదు; కాలిబాటల గుండా నాజిల్‌ను మొదళ్ళవైపు మళ్ళించవలెను. మందు పనిచేయలేదని రైతు తెలిపినప్పుడు నాజిల్ అరుగుదల, బిందువు పరిమాణం, ఆకు తడిసే తీరు, మందు చేరిన చోటు వరుసగా పరిశీలించిన పిమ్మటనే మందు మార్పును గూర్చి యోచించుట సముచితం.