చిన్న ట్రాక్టర్ ఒక పక్కకు లాగుతుంటే: పానా పట్టే ముందు చూడాల్సినవి



ఈ వారం పాఠం పురుగుల గురించి కాదు, ఆకు మోసే బండి గురించి. మనలో చాలామంది మల్బరీని జంట సాళ్ల పద్ధతిలో (5+3)×2 అడుగుల దూరంతో నాటుకున్నం. ఆ 5 అడుగుల సందులో ఫోర్ వీల్ చిన్న ట్రాక్టర్ నడిపితే రెండు పక్కలా జానెడు చోటు మిగలడమే ఎక్కువ. స్టీరింగ్ లాగిందంటే డ్రిప్ పైపు తెగుతుంది, రోటవేటర్ మల్బరీ మొదళ్లను చెక్కేస్తుంది. పట్టుకాయలు వేసుకుని చీకట్లో జనగామ మార్కెట్‌కు పోయేటప్పుడు లాగితే నష్టం చెట్లతో ఆగదు.

పోయిన ఏడాది మాకు ఇదే జరిగింది. పురుగులు నాలుగో జ్వరం లేచి మూడో రోజు. పురుగు మొత్తం తినే ఆకులో 80 శాతం పైగా ఈ ఆఖరి దశలోనే తింటుందని మీకు తెలుసు. సరిగ్గా అప్పుడే బండి కుడికి లాగడం మొదలైంది, ఫోర్ వీల్ వేస్తే ఇంకా ఎక్కువ. ఒక వర్క్‌షాపులో చూపిస్తే టై రాడ్ ఎండ్లు మార్చిన్రు. అయినా తగ్గలేదు. ముందు యాక్సిల్ గేర్లు పోయినయి, విప్పాలి, వారం పడుతుంది అన్నరు. ఆకు మోయడానికి ఆటో కిరాయికి పెట్టుకున్నం.

అసలు కారణం మా దగ్గరే ఉంది. నెల ముందు చెడిపోయిన ఎడమ ముందు టైరు ఒక్కటే మార్చి, వేరే కంపెనీది వేయించినం. టైరు మీద సైజు అంకెలు ఒకటే, చుట్టుకొలత ఒకటి కాదు. కుడి పక్కది అరిగిన పాత టైరు.

మాకు ఇది ముందే తట్టాల్సింది. పదో తరగతి పాసయ్యాక కొన్నాళ్లు ముంబైలో, ధారావి 90 అడుగుల రోడ్డు వెనక సందులో, టెంపోలు బాగుచేసే చోట పని చేసినం. మేస్త్రి కామాఠీపురలో పెరిగిన తెలుగాయన. ఆ పేటకు ఆ పేరు రావడానికి కారణం ఇక్కడి నుంచి పోయిన కామాఠీ కూలీలే. బండి ఏది వచ్చినా ఎప్పుడు లాగుతుందని ఆయన ముందు అడిగేవాడు. తర్వాత గాలి చూసేవాడు. ఆ తర్వాతే పానా. ఆ వరస మర్చిపోయి దెబ్బతిన్నం. మీరు మర్చిపోవద్దని ఇక్కడ రాస్తున్నం.

1. ఎప్పుడు లాగుతుంది?
చదును నేల మీద పనిముట్టు తీసేసి మెల్లగా నడపండి.
• ఎప్పుడూ లాగితే: గాలి, టైర్లు, ముందు చక్రాల వరస చూడాలి.
• బ్రేకు తొక్కినప్పుడే లాగితే: బ్రేకులు చూడాలి.
• ఫోర్ వీల్ వేసినప్పుడే లాగితే, లేదా ఎక్కువైతే: ముందు టైర్ల తేడా, ఆ తర్వాత ముందు యాక్సిల్.
• రోటవేటర్ తగిలించినప్పుడే లాగితే: పనిముట్టు నడిమికి లేదు. కింది లింకుల గొలుసులు రెండు పక్కలా సమానం చేయండి.

2. గాలి, టైర్లు
గాలి తక్కువున్న పక్కకే బండి లాగుతుంది. కాలితో తన్ని చూస్తే తెలియదు, గేజి పెట్టండి. ఎంత ఉండాలో బండి పుస్తకంలో ఉంటుంది.
గాలి సరిచేసి, ఫోర్ వీల్ తీసేసి, ముందు టైర్లు రెండూ నేలకు తాకే చోట సుద్దతో గీత పెట్టండి. తిన్నగా నడిపి, ఒక్కో టైరు 5 చుట్లకు ఎంత దూరం పోయిందో టేపుతో కొలవండి. తేడా వస్తే, దూరం తక్కువ వచ్చిన పక్కకు లాగుతుంది. అందుకే ముందు టైర్లు ఎప్పుడూ జతగానే మార్చాలి.
ఇంకో మాట. ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు చక్రాలు వెనకవాటి కంటే కొంచెం ముందుకు లాగేటట్టు గేర్ల లెక్క ఉంటుంది. మట్టిలో చక్రం జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు కాబట్టి స్టీరింగ్ బిగుస్తుంది, టైర్లు, గేర్లు అరుగుతాయి. రోడ్డెక్కితే ఫోర్ వీల్ తీసేయండి.

3. బ్రేకులు
చేనులో మలుపుకు విడదీసిన రెండు బ్రేకు పెడళ్లను రోడ్డు మీద కలిపి కొక్కెం వేయాలి. కలిపినా లాగితే రెండు పెడళ్ల ఖాళీ ఆట సమానంగా లేనట్టు. సరిచేయించనిదే ట్రాలీ తగిలించొద్దు.

4. చక్రాల ఆట
వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు భాగం జాకీతో లేపి, కింద గట్టి స్టాండు పెట్టండి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఆడితే బేరింగ్ లేదా కింగ్ పిన్. ముందూ వెనకా పట్టి ఊపితేనే ఆడితే టై రాడ్ ఎండ్.

5. చక్రాల వరస
బండి దించి స్టీరింగ్ తిన్నగా పెట్టండి. రెండు ముందు టైర్ల ముందు అంచున, ఇరుసు ఎత్తులో గీత పెట్టి మధ్య దూరం కొలవండి. ఆ గీతలు వెనక్కి వచ్చేదాకా బండిని అర చుట్టు నెట్టి మళ్లీ కొలవండి. రెంటి తేడా పుస్తకంలో చెప్పినంతే ఉండాలి.

6. ముందు యాక్సిల్
ఇవన్నీ బాగుంటేనే ఇక్కడికి రండి. ఆయిల్ కొంచెం తీసి చూడండి. పాలలాగా తెల్లబడితే నీళ్లు చేరినట్టు, ఇనుప ముక్కలు మెరిస్తే గేర్లు అరిగినట్టు. చక్రం దగ్గర ఆయిల్ కారితే సీలు పోయినట్టు. గేర్‌బాక్సు నుంచి ముందుకొచ్చే షాఫ్టును చేత్తో తిప్పి, జాయింటులో ఆట చూడండి.
తర్వాత ఇంజిన్ ఆపి, ముందు చక్రాలు రెండూ లేపి, ఫోర్ వీల్ వేసి, బండిని గేర్లో ఉంచి ఒక చక్రం తిప్పండి. రెండోది ఎదురు దిక్కుకు తిరగాలి. రెండో చక్రమూ షాఫ్టూ కదలకుండా ఒక చక్రమే తిరుగుతుంటే, లోపల విరిగినట్టు అనుకోవచ్చు. అప్పుడు విప్పించండి.

చివరగా రెండు మాటలు. ఈ పరీక్షలన్నీ షెడ్డు శుద్ధి చేసుకునే రోజుల్లో, చాకీ పురుగులు రాకముందే చేసుకోండి. ఆఖరి దశలో బండి ఆగితే పురుగు ఆగదు. డీజిల్, గ్రీజు అంటిన చేతులతో ఆకు ముట్టొద్దు. సబ్బుతో కడిగి, బట్టలు మార్చుకునే షెడ్డులోకి పోండి.

మా బండికి ముందు టైర్లు జతగా వేయించినం. యాక్సిల్ విప్పే పని పడలేదు. మీ బండి లాగుతుంటే గ్రూపులో వీడియో పెట్టండి, 1వ ప్రశ్నకు జవాబు కూడా రాయండి. అది లేకుండా ఎవ్వరం ఏమీ చెప్పలేం.