మందు కొట్టే రోజు

చిరంజీవి మేనల్లుడికి, అత్తయ్య ఆశీస్సులు.

రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశావని, పంపు కూడా కొన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం నాయనా. కోడలికి ఐదో నెలని కూడా చెప్పింది. ఆ రెండు మాటలూ విన్నాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

మీ మామయ్యకు మందు తగిలిన సంగతి నీకు లీలగా గుర్తుండొచ్చు. ఆ ఏడు పత్తి భుజాల దాకా పెరిగింది. పంపు మూత సరిగ్గా బిగియక మధ్యాహ్నం దాకా వీపు తడుస్తూనే ఉంది. ముక్కుకు తువ్వాలు కట్టుకున్నానుగా అని ధీమా. సాయంత్రానికి ఒళ్లంతా చెమటలు, నోటివెంట చొంగ, వాంతులు, కళ్లు మసకలు. అందరూ వడదెబ్బ అన్నారు. నేనూ మజ్జిగ తాగించాను. ఆసుపత్రిలో డాక్టరుగారు టార్చి వేసి చూపించారు, కంటిపాప ఆవగింజంత అయిపోయింది. "ఏం మందు కొట్టాడమ్మా?" అని అడిగితే నాకు పేరు తెలియదు. ఖాళీ డబ్బా కోసం మరిదిని చేనుకు పరిగెత్తించాం. అట్రోపిన్ ఇంజెక్షన్లు పడ్డాక గానీ మనిషి తేరుకోలేదు.

పైరు మీద కొట్టే మందు మనిషికి ఎక్కువగా చర్మంలోంచే ఎక్కుతుంది. ఆ సంగతి మాకు అప్పుడు తెలిసింది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో మనిషెత్తు పత్తికి మందు కొట్టి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. అందుకే వీపుకు పాలిథిన్ పట్టా కట్టుకో. మూత, గొట్టం కారుతున్నాయేమో ముందు మంచినీళ్లు పోసి చూడు. నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదకు, పాత టూత్‌బ్రష్ పెట్టుకో. మందు చేత్తో కలపకు, కర్రతో కలుపు. మందు కొట్టేటప్పుడు నీ మీద పడకుండా గాలివాటు చూసుకుని నడువు. ఎండలో ఒంటి నిండా తొడుగులు వేసుకుంటే ఊపిరాడదని నాకు తెలుసు. అందుకే తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండెక్కకముందే దిగిపో.

డబ్బా మీద త్రికోణం రంగు చూడు. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ కూడా విషమే. మోనోక్రోటోఫాస్‌ను 2023లోనే కేంద్రం నిషేధించింది, ఎవరైనా పాత సరుకుందని ఇస్తే తీసుకోకు. కొట్టిన చేలో ఎన్నాళ్లకు కాయ కోయించాలో డబ్బాతో వచ్చే కాగితం మీదే ఉంటుంది. కాయ కోసే ఆడవాళ్ల చేతులకు తొడుగులుండవు, అది నువ్వే గుర్తుపెట్టుకోవాలి.

ఎవరికైనా తేడా చేస్తే ముందు బట్టలు విప్పించి సబ్బుతో ఒళ్లు కడిగి, 108కి ఫోన్ చెయ్యి. బలవంతంగా వాంతి చేయించొద్దు. డబ్బా వెంట పట్టుకెళ్లు.

ఇంకొకటి. ఆ రోజు మామయ్య చొక్కాను నేను ఉత్త చేతులతో, పిల్లల గౌన్లతో కలిపి ఉతికాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. నువ్వు మందు బట్టలతో ఇంట్లోకి రాకు. చేను దగ్గరే విప్పి, స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని రా. ఖాళీ డబ్బాకు చిల్లులు పొడిచెయ్యి, నీళ్లకో నూనెకో ఇంట్లో వాడనివ్వకు.

మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు రెండు జతలు మనిషి చేత పంపుతున్నాను. ఒకటి మందు కలిపేటప్పుడు వేసుకోవడానికి, ఇంకొకటి ఆ బట్టలు ఉతికేటప్పుడు. రెండూ నీకే నాయనా, కోడలికి కాదు.

మీ అత్తయ్య